చాంద్ రాత్ హడావిడి లేకుండా ఈద్ వంట: ఇరవై మందికి ముందస్తు ఏర్పాట్లు

రంజాన్ పండుగ వంటకు మిగతా పండుగల్లో లేని చిక్కు ఒకటుంది. పండుగ రేపా, ఎల్లుండా అన్నది 29వ రోజా మగ్రిబ్ దాటే దాకా తెలియదు. తెలుగు రాష్ట్రాల్లో 2024లో 30 రోజాలు పూర్తయ్యాక ఏప్రిల్ 11న ఈద్ వచ్చింది. 2025లో 29 రోజాలకే నెలవంక కనిపించి మార్చి 31న పండుగ అయింది. చంద్రుడు కనిపించాడన్న ఎలాన్ విన్నాక పాలు, మాంసం, సేమియా అంటూ పరుగులు మొదలుపెడితే ఆ రాత్రంతా వంటింట్లోనే తెల్లవారుతుంది.

ఈ భారం ఎక్కువగా పడేది ఇంట్లోని ఆడవాళ్ల మీదే. చివరి పది రాత్రుల ఇబాదత్ సామాన్ల ఆలోచనలో పోతుంది. పండుగనాడు అందరూ కొత్త బట్టలు వేసుకుని తిరుగుతుంటే, అమ్మీ మాత్రం మధ్యాహ్నం దాకా పాత బట్టల్లో పొయ్యి దగ్గరే ఉంటుంది. అందరికీ ఈద్ వస్తుంది, వండే మనిషికి తప్ప. పనులను రెండుగా విడదీసుకుంటే ఈ పరిస్థితి మారుతుంది. తేదీతో సంబంధం లేనివన్నీ ముందే ముగించాలి. చంద్రుడు కనిపించాకే చేయాల్సినవి మాత్రమే ఆ రాత్రికి మిగలాలి.

ముందు లెక్క, తర్వాత చిట్టా

మొదట ఎంతమంది వస్తారో ఫోన్ చేసి కనుక్కోవాలి. మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునేవాళ్లు వేరు, పొద్దున వచ్చి షీర్ ఖుర్మా తాగి వెళ్లేవాళ్లు వేరు. ఈ రెండు లెక్కలూ విడివిడిగా రాసుకోవాలి.

మధ్యాహ్నం భోజనానికి ఇరవై మంది అనుకుంటే, కచ్చీ బిర్యానీకి 3 కిలోల మటన్, రెండున్నర కిలోల బాస్మతి బియ్యం, ముప్పావు కిలో పెరుగు, వేయించడానికి కిలో ఉల్లిపాయలు సరిపోతాయి. చిన్నపిల్లలు ఎక్కువగా ఉంటే కొంచెం మిగులుతుంది కూడా.

షీర్ ఖుర్మాకు 5 లీటర్ల చిక్కటి పాలు, పావు కిలో సన్న సేమియా, అర కిలో చక్కెర, 40 నుంచి 50 ఖర్జూరాలు కావాలి. బాదం, పిస్తా, జీడిపప్పు, సారపప్పు ఇంటి వీలును బట్టి వేసుకోవచ్చు. ఇది చిన్న కప్పులతో సుమారు ముప్పై మందికి వస్తుంది.

వంటకాల సంఖ్య దగ్గర కాస్త పట్టుదల ఉండాలి. బిర్యానీ, మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ, షీర్ ఖుర్మా, ఖుబానీ కా మీఠా. ఇవి ఐదూ కుదిరితే పండుగ నిండుగా ఉన్నట్టే. ఆరోది, ఏడోది కావాలంటే తెచ్చే బాధ్యత వచ్చేవాళ్లకే అప్పగించాలి. ఒక ఆపా కబాబులు, ఇంకొక పిన్ని డబల్ కా మీఠా తెస్తానంటే మొహమాటపడకుండా సరే అనాలి.

చిట్టాలో మొదటి పేరు మాత్రం ఫిత్రా. అది ఈద్ నమాజుకు ముందే హక్కుదారులకు చేరాలి. పేద ఇంట్లో కూడా ఆ రోజు పొయ్యి వెలగాలన్నదే దాని ఉద్దేశం. ఒకటి రెండు రోజుల ముందే ఇచ్చేస్తే వాళ్లకూ సరుకులు కొనుక్కునే సమయం దొరుకుతుంది.

20వ రోజా లోపు: కొనాల్సినవి

బియ్యం, నెయ్యి, నూనె, డ్రై ఫ్రూట్స్, సేమియా, గరం మసాలా దినుసులు, ఎండు ఖుబానీ వంటివి పాడయ్యేవి కావు. చివరి పది రోజులు మొదలయ్యేలోపే వీటిని కొనేస్తే ఆ రాత్రులు బజారులో కాకుండా జానమాజ్ మీద గడుస్తాయి. పెద్ద డేగ్చీ, దాని మూత, పెద్ద పెనం, గ్యాస్ సిలిండర్ ఇప్పుడే చూసుకోవాలి. పండుగ పూట దమ్ మీద ఉండగా గ్యాస్ అయిపోతే ఆ కంగారు అంతా ఇంతా కాదు.

పాలవాడికీ, మాంసం దుకాణదారుకీ ముందే చెప్పి పెట్టాలి. తేదీ చెప్పలేం కాబట్టి, "చాంద్ కనిపించిన రాత్రి" అని చెప్తే వాళ్లకు అర్థమవుతుంది.

25 నుంచి 28వ రోజా దాకా: రోజుకో పని

ఇఫ్తార్ తర్వాత రోజుకు అరగంట చాలు.

ఒకరోజు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, నూనె ఓడ్చి, పూర్తిగా చల్లారాక గాలి దూరని డబ్బాలో పెట్టాలి. ఈ బిరిస్తా వారం దాకా కరకరలాడుతూనే ఉంటుంది.

రెండోరోజు అల్లం వెల్లుల్లి ముద్ద నూరి, కొంచెం ఉప్పు, నూనె కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి. అదే పూట గరం మసాలా పొడి కొట్టుకోవాలి.

మూడోరోజు సాలన్ కోసం పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి విడివిడిగా వేయించి పొడి చేసుకోవాలి.

నాలుగోరోజు బాదం, పిస్తా నానబెట్టి, పొట్టు తీసి, తరిగి, తడి ఆరాక నేతిలో దోరగా వేయించాలి. సేమియా కూడా నేతిలో వేయించి వేరే డబ్బాలో పెట్టాలి.

రోజాలో ఉండి పగటిపూట వండేటప్పుడు ఉప్పు, కారం సరిచూసుకోవడం కుదరదు. అందుకే ఇంట్లో కుదిరిన కొలతలను చెంచాల లెక్కన కాగితం మీద రాసి అల్మారా తలుపుకు అంటించాలి. ఆ కాగితం ఉంటే అమ్మీ పక్కన లేకపోయినా కోడలో, కొడుకో పని అందుకోగలరు.

29వ రోజా: రెండు రోజులకూ పనికొచ్చే పనులు

28వ రాత్రి ఖుబానీలు నానబెడితే, 29న మధ్యాహ్నం మెత్తగా ఉడికించి చక్కెర వేసి దించుకోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది కాబట్టి పండుగ ఒకరోజు ఆలస్యమైనా ఇబ్బంది లేదు. ఇల్లు సర్దడం, బట్టల ఇస్త్రీ, దస్తర్‌ఖాన్, ప్లేట్లు, కప్పులు కడిగి పెట్టుకోవడం కూడా ఈ రోజే.

గల్ఫ్‌లో ఉన్న బంధువులు వీడియో కాల్‌లో ఈద్ ముబారక్ చెప్పారని ఇక్కడ మాంసం కలపడం మొదలుపెట్టకూడదు. 2025లో సౌదీలో పండుగ మార్చి 30నే అయింది, ఇక్కడ మరుసటి రోజు. స్థానిక ఎలాన్ వచ్చే దాకా ఆగాలి.

చాంద్ రాత్: మూడే పనులు

ఒకటి, మటన్ కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, పెరుగు, అల్లం వెల్లుల్లి, మసాలాలు, సగం బిరిస్తా కలిపి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. పచ్చి బొప్పాయి ముద్ద మాత్రం ఇప్పుడు కలపకూడదు. రాత్రంతా నానితే ముక్క పిండి పిండి అయిపోతుంది.

రెండు, పాలు ఐదు వంతుల్లో నాలుగు వంతులు అయ్యేదాకా మరిగించాలి. తర్వాత రెండు మూడు చిన్న గిన్నెల్లోకి పోసి, చల్లటి నీళ్ల తొట్టిలో ఉంచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండు ఖర్జూరం వాడేవాళ్లు దాన్ని ఈ రాత్రే నానబెట్టాలి.

మూడు, సాలన్ వండేయాలి. చింతపండు పులుపు ఉన్న కూర కాబట్టి తెల్లారేసరికి రుచి ఇంకా పెరుగుతుంది. చల్లారాక ఇదీ ఫ్రిజ్‌లోకే.

ఈ మూడూ ముగిస్తే మెహందీ పెట్టుకోవడానికీ, తక్బీర్ చదువుకోవడానికీ సమయం మిగులుతుంది.

నెలవంక కనిపించకపోతే పైవాటిలో ఏదీ మొదలుపెట్టక్కర్లేదు. అప్పటికే మాంసం తెచ్చేసి ఉంటే మసాలా కలపకుండా ఫ్రీజర్‌లో పెట్టాలి. మర్నాడు పొద్దున్నే తీసి కింది అరలో ఉంచితే సాయంత్రానికి చాలావరకు కరుగుతుంది. గట్టు మీద బయట పెట్టి కరిగించడం మంచిది కాదు.

పండుగ రోజు: వెనక నుంచి లెక్క

షీర్ ఖుర్మా పొద్దున పావుగంట పని. పాలు మరిగించి, చక్కెర, ఖర్జూరం, డ్రై ఫ్రూట్స్ వేసి, చివర్లో సేమియా కలిపి ఐదు నిమిషాలకు దించాలి. సేమియా ముందే వేస్తే పాలు పీల్చుకుని ముద్దవుతుంది. నమాజుకు వెళ్లేముందు ఖర్జూరాలు బేసి సంఖ్యలో తినడం సున్నత్ కాబట్టి, ఒక గిన్నెలో అవి విడిగా ఉంచాలి.

బిర్యానీకి వడ్డించే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మధ్యాహ్నం 1.30కి భోజనం అనుకుంటే ఇలా:

9.30: ఈద్గాహ్ నుంచి వచ్చాక మటన్‌కు మూడు పెద్ద చెంచాల బొప్పాయి ముద్ద కలిపి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాలి.
11.30: బియ్యం కడిగి నానబెట్టాలి. మటన్ బయటికి తీయాలి.
12.00: బియ్యం ముప్పావు వంతు కంటే తక్కువే ఉడికించి వార్చాలి.
12.15: మటన్ మీద అన్నం, బిరిస్తా, కొత్తిమీర, పుదీనా, నెయ్యి పరిచి, మూతకు గోధుమపిండి అంటించాలి. పావుగంట పెద్ద మంట, తర్వాత పెనం మీద సన్న సెగన ముప్పావు గంట.
1.15: పొయ్యి ఆపి, మూత తీయకుండా పావుగంట వదిలేయాలి.

అంటే 9.30 నుంచి 11.30 దాకా వంట చేసే మనిషికి రెండు గంటల ఖాళీ. కొత్త బట్టలు వేసుకుని అందరితో కూర్చోవడానికి, ఈదీ పంచడానికి ఆ సమయం. దాన్ని ఇంకో వంటకంతో నింపకూడదు.

మాంసం తినని ఇరుగుపొరుగు ఉంటే బగారా అన్నం వేరే గిన్నెలో, వేరే గరిటెతో ముందే వండి పంపాలి. షీర్ ఖుర్మా ఎలాగూ ఇంటింటికీ వెళ్తుంది.

మిగిలినవి, కడగాల్సినవి

పండుగ ఎండల్లో వచ్చినప్పుడు వండినవి గట్టు మీద గంటకు మించి ఉంచకూడదు. మామూలు రోజుల్లో కూడా రెండు గంటలే హద్దు. మిగిలిన బిర్యానీని పెద్ద డేగ్చీలో వదిలేయకుండా వెడల్పాటి డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నం బయటే ఉండిపోతే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వచ్చినవాళ్లకు డబ్బాలు కట్టి ఇవ్వడం ఇంకా మంచిది.

పనిని ముందే పేర్లతో పంచాలి. "ఎవరైనా సాయం చేయండి" అంటే ఎవరూ రారు. పాలు, మాంసం తేవడం అబ్బా పని, బియ్యం వార్చడం, డేగ్చీ దించడం పెద్ద కొడుకు పని, కప్పులు అందించడం పిల్లల పని, గిన్నెలు కడగడం తిన్నవాళ్లందరి పని. ఈ పేర్లు కూడా అల్మారా మీది కాగితంలోనే, కొలతల కింద రాసి ఉండాలి.