ఎండిన ఏటి ఒడ్డున ఇల్లు

వాక్యభాగము: లూకా 6:46–49



వరద అనగానే మన తెలుగువారికి గోదావరి లంకలు, దివిసీమ గుర్తుకొస్తాయి. కర్నూలు పేరు చెబితే కరువే గుర్తుకొస్తుంది. 1876–78 నాటి ధాత కరువు మాట మా తాతల కాలం దాకా ఇళ్ళలో వినబడేది. ఆ కరువుకు ముందే, 1860ల్లో, ఆర్థర్ కాటన్ దొర ఆలోచన మీద ఒక కంపెనీ తుంగభద్రకు సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి కర్నూలు–కడప కాలువ తవ్వించింది. నీళ్ళు ఎలా తెచ్చుకోవాలన్నదే ఈ సీమ చరిత్ర. నీళ్ళు ఇవ్వమని మా పెద్దలు మోకరించి ప్రార్థించారు. ఎక్కువైతే ఏం చేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

2009వ సంవత్సరం కూడా కరువుగానే మొదలైంది. ఆ ఏడు దేశమంతటా నైరుతి రుతుపవనాలు ముఖం చాటేశాయి. వర్షపాతం మామూలు కంటే ఐదో వంతుకు పైగా తగ్గింది. వేసిన వేరుశనగ ఎండిపోయి రైతు ఆకాశం వైపు చూస్తున్న కాలం అది. అటువంటి ఏడాదిలో సెప్టెంబరు చివరన అల్పపీడనం పట్టింది. ఉత్తర కర్ణాటకలోను, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను మూడు నాలుగు రోజుల పాటు కుండపోతగా కురిసింది.

కర్నూలు ఉనికి తెలిసినవారికి ఆ తరువాత జరిగింది సులభంగా అర్థమవుతుంది. ఊరికి ఒక పక్క తుంగభద్ర. ఇంకో పక్క నుండి హంద్రీ వచ్చి ఊరి దగ్గరే అందులో కలుస్తుంది. హంద్రీ మన జిల్లాలోనే మద్దికెర ప్రాంతంలో పుట్టిన చిన్న ఏరు. వేసవిలో దాని ఇసుకలో చెలమలు తవ్వుకోవాలి, పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. ఆ రోజుల్లో తుంగభద్ర నిండుగా పోటెత్తి రావడంతో హంద్రీ నీటికి పోయే దారి లేకపోయింది. దారిలేని నీరు వెనక్కి తన్ని వీధుల్లోకి మళ్ళింది. దిగువన కృష్ణా, తుంగభద్రల నీళ్ళన్నీ చేరే శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటింది. అక్టోబరు 2 నాటికి ఒకప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న పట్టణం నీళ్ళలో ఉంది. అటు మంత్రాలయం, ఇటు అలంపురం కూడా మునిగాయి.

ఆ శుక్రవారం గాంధీ జయంతి. దసరా వెళ్ళి నాలుగు రోజులే అయింది. సెలవులకు సొంత ఊరు వచ్చినవారు ఎందరో ఆ నీళ్ళలో చిక్కుకున్నారు. మేమును వారిలో ఉన్నాము. ముందు రోజు సాయంత్రం ఎగువ ఊళ్ళ బంధువుల నుండి ఫోన్లు వచ్చాయి, ఏరు ఎన్నడూ లేనంతగా వస్తోందని. ఆ మాట వీధంతా విన్నది. చాలామంది "మన వీధికి ఏరు రాదులే నాయనా" అన్నారు. వారి ఆయుష్షులో అది ఎన్నడూ రాలేదు గనుక వారు అన్నది అబద్ధం కాదు. మా అమ్మ మాత్రం మారు మాట్లాడకుండా ఇంటి పట్టా, రేషన్ కార్డు, బియ్యం మూట తీసుకెళ్ళి ఎదురింటి సాయిబు గారి మిద్దె మీద పెట్టించింది. తెల్లవారుజామున నీరు గడప దాటింది. చూస్తుండగా కిటికీ ఎత్తుకు వచ్చింది. సాయిబు గారు వాకిలి తీసి పెట్టి "అందరూ పైకి రండమ్మా" అని పిలిచారు. ఆ మిద్దె మీద ఏడు ఇళ్ళవాళ్ళం రెండు రాత్రులు ఉన్నాము. అమ్మ దాచిన బియ్యంతోనే అందరికీ గంజి కాచారు. ఎవరి కులమేమిటో, ఎవరి మతమేమిటో అడిగినవారు లేరు.

ప్రియులారా, ఈ సంగతుల వెలుగులో లూకా సువార్త చూడండి. ఇద్దరు ఇల్లు కట్టినవారి ఉపమానం మత్తయిలోను ఉంది, లూకాలోను ఉంది. మత్తయి వాన, వరద, గాలి మూడూ చెప్పాడు. లూకా వాన మాట ఎత్తలేదు, ఏటి ప్రవాహం ఒక్కటే చెప్పాడు. యూదయ దేశంలో ఏళ్ళు మన హంద్రీ వంటివే. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉంటాయి. ఎక్కడో కొండల మీద వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు విరుచుకుపడుతుంది. ఎండిన రోజుల్లో రెండు ఇళ్ళూ ఒకేలా కనబడతాయి. సున్నం కొట్టిన గోడలు, ఒకటే తీరు తలుపులు. తేడా మట్టి కింద ఉంది.

లోతుగా తవ్వడమంటే ఏమిటో ప్రభువు మనల్ని ఊహించుకోమనలేదు, తానే చెప్పాడు: తన మాట విని దాని ప్రకారం చేయడం. ఆ సాయంత్రం మా వీధిలో వినడానికి కొదువ లేదు. విన్నదానికి లేచినవారే తక్కువ. మన సంఘాల్లోనూ వాక్యం వినడానికి కొదువ లేదు. ప్రతి ఆదివారం వింటున్నాము, ఇప్పుడు సెల్‌ఫోన్లో కూడా వింటున్నాము. అయితే పగ విడిచిపెట్టమన్న మాట, అప్పు తీర్చమన్న మాట, పొరుగువానికి తలుపు తెరువుమన్న మాట విని లేచామా?

ఒక జాగ్రత్త. ఈ ఉపమానం తీసుకొని మునిగినవారిని నిందించకూడదు. ఏటి ఒడ్డున ఇల్లు వేసుకున్నవారిలో చాలామంది పేదలు. గట్టి నేల కొనే స్థోమత లేక అక్కడికి చేరారు. సిలోయము గోపురం కూలి చనిపోయినవారు తక్కినవారికంటె అపరాధులా అని ప్రభువే అడిగాడు. ఆయన మాట మునిగినవాని కోసం కాదు, ఇంకా పొడి నేల మీద నిలబడి వింటున్న మన కోసం.

వరద తగ్గాక పట్టణమంతా మోకాటి లోతు బురద. 4వ తేదీ ఆదివారం కొందరు విశ్వాసులు పారలు పట్టుకొనే ఆరాధనకు వచ్చారు. ఆ బురద ఎండిపోయింది. గోడల మీద నీటి గీతలను సున్నం కప్పేసింది. ఏరు మళ్ళీ చెలమల ఏరైంది. మరచిపోవడం మా ఊరికే పరిమితం కాదు. 2024 సెప్టెంబరు 1న, అదీ ఆదివారమే, విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. ఏళ్ళ తరబడి దాన్ని మురుగు కాలువగా చూసినవారికి ఆ రోజు అది ఏరని తెలిసింది. నీరు తన దారి మరచిపోదు. మరచిపోయేది మనమే.

కాబట్టి మీ ఊరిలో పెద్దవారు ఉంటే, ఏ ఏడు నీరు ఎక్కడి దాకా వచ్చిందో అడిగి పిల్లలకు చూపించండి. వర్షాకాలంలో ఎగువ నుండి కబురు వస్తే ఆకాశం తేటగా ఉన్నా కదలండి. మిద్దె ఉన్నవారు వాకిలి తీసి పెట్టండి. ఆత్మ సంబంధమైన పునాది కూడా ఈ ఎండ కాలంలోనే తవ్వుకోవాలి. నీరు గడప దాటాక పలుగు దొరకదు.

ప్రభువా, విన్నదానిని నేడే చేయుటకు మాకు కృప దయచేయుము. మేము పైన ఉన్న దినమున కింద ఉన్నవారిని పిలుచు హృదయము మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.