యూ-బోట్ల యుద్ధం: ఓడ అడుగున బొగ్గు వేసినోళ్ళ సంగతి



మొన్న హాస్టల్లో ఒక సీనియర్ అన్న మమ్మల్ని అడిగాడు: "మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా ఎందుకొచ్చింది?" మేమందరం "లూసిటానియా ఓడ ముంచారు కాబట్టి" అన్నాం. "ఓడ మునిగింది 1915లో. అమెరికా దిగింది 1917లో. మధ్యలో రెండేళ్ళు ఏం చేసినట్టు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. లైబ్రరీలో కూర్చుని చదివాం. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

బ్రిటన్ ఒక ద్వీపం. అక్కడికి తిండిగింజలు, చమురు ఎక్కువగా ఓడల్లోనే రావాలి. బ్రిటన్ నౌకాదళం జర్మనీకి సరుకు రాకుండా సముద్రం మూసేసింది. జర్మనీ దగ్గర అంత పెద్ద నౌకాదళం లేదు, అందుకే జలాంతర్గాములను దించింది. వాటినే యూ-బోట్లు అంటారు. అంటే ఇది ఎదుటివాడి కడుపు మీద కొట్టే యుద్ధం.

1914 సెప్టెంబర్ 22న యూ-9 అనే ఒక్క బోటు గంటన్నరలోపే మూడు బ్రిటిష్ యుద్ధనౌకలను ముంచింది. 1,400 మందికి పైగా చనిపోయారు. 1915 మే 7న యూ-20 కొట్టిన టార్పెడోకి లూసిటానియా 18 నిమిషాల్లో మునిగింది. దాదాపు 1,200 మంది పోయారు. అందులో 128 మంది అమెరికన్లు. అమెరికా గట్టిగా అభ్యంతరం చెప్పడంతో జర్మనీ కొన్నాళ్ళు తగ్గింది. కానీ 1917 ఫిబ్రవరి 1 నుంచి హెచ్చరిక లేకుండా ఏ దేశపు ఓడనైనా ముంచుతామని మళ్ళీ మొదలుపెట్టింది. అమెరికా మీద కలిసి పోరాడదామని మెక్సికోకి జర్మనీ పంపిన రహస్య టెలిగ్రామ్ కూడా అప్పుడే బయటపడింది. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధం ప్రకటించింది. అన్న అడిగిన ప్రశ్నకి జవాబు ఇదీ.

రెండో యుద్ధంలో కార్ల్ డోనిట్జ్ యూ-బోట్లను తోడేళ్ళ గుంపులా నడిపించాడు. ఒక బోటు ఓడల బారును కనిపెడితే వైర్‌లెస్‌లో కబురు పెట్టేది, రాత్రి అన్నీ కలిసి మీద పడేవి. ఆ వైర్‌లెస్సే చివరికి వాటి కొంప ముంచింది. బ్రిటన్ వాళ్ళు ఎనిగ్మా రహస్య లిపిని విప్పారు. రాడార్లు, దూరం ఎగిరే విమానాలు కూడా వచ్చాయి. 1943 మే ఒక్క నెలలోనే 41 యూ-బోట్లు పోయాయి. వాటిల్లో ఒకదాంట్లో డోనిట్జ్ చిన్న కొడుకు ఉన్నాడు. యూ-బోట్లలో పనిచేసిన సుమారు 40 వేల మందిలో 30 వేల దాకా తిరిగి రాలేదు. చాలామంది మన వయసు కుర్రాళ్ళే. ఇరుకు గొట్టంలో నలభై యాభై మంది, ఒకడు లేచిన పరుపు మీద ఇంకొకడు పడుకోవాలి. ఇది చదివాక మా రూమే నయం అనుకున్నాం.

ఇంతవరకు గైడ్లలో దొరుకుతుంది. మమ్మల్ని ఆపేసింది ఇంకోటి.

1940 సెప్టెంబర్ 17 రాత్రి 'సిటీ ఆఫ్ బెనారస్' అనే ఓడను యూ-48 ముంచింది. బాంబుల నుంచి కాపాడాలని కెనడాకి పంపుతున్న 90 మంది బ్రిటిష్ పిల్లల్లో 77 మంది చనిపోయారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన దేశం వాళ్ళు. ఇలాంటి నావికులను లస్కర్లు అనేవాళ్ళు. సిల్హెట్, చిట్టగాంగ్, గోవా లాంటి చోట్ల నుంచి వెళ్ళిన పేదోళ్ళు. ఓడ అడుగున బాయిలర్లలో బొగ్గు వేసే పని చాలావరకు వాళ్ళదే. టార్పెడో తగిలితే ముందు నీళ్ళు వచ్చేది అక్కడికే. జీతం మాత్రం తెల్ల నావికుల జీతంలో కొంత భాగమే. 1939లో యుద్ధం మొదలవగానే జీతం పెంచమని సమ్మె చేస్తే కొందరిని జైల్లో వేశారు.

రెండో యుద్ధంలో మన దేశపు వాణిజ్య నావికులు 6 వేలకు పైగా చనిపోయారు. వాళ్ళు మొదలుపెట్టిన యుద్ధం కాదది. వాళ్ళు మోసుకెళ్ళిన తిండి వాళ్ళ ఇళ్ళకు రాలేదు. పేర్లు అసలు లేవా అంటే ఉన్నాయి. ముంబైలో, చిట్టగాంగ్‌లో స్మారక పుస్తకాల్లో రాసి పెట్టారు. మన పాఠంలోనే లేవు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పరీక్షకి తేదీలు చదవండి, మార్కులు వాటికే. దాంతోపాటు ఆ ఓడలో బొగ్గు ఎవరు వేశారని కూడా అడగండి. ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ తాతలు, నానమ్మలు ఎక్కడెక్కడ కూలికి పోయారో, ఏ రోడ్డు వేశారో, ఏ కట్ట కట్టారో అడిగి పేర్లతో సహా నోటుబుక్కులో రాసుకోండి. మేమూ మొదలుపెడుతున్నాం.

జోహార్.