కాఫీ బిళ్ల మీద ఇల్లాలి అక్షరం

చిల్లర లేదంటూ కొట్టువాడు ఓ చాక్లెట్ చేతిలో పెడతాడు. అదే చాక్లెట్ మర్నాడు మనం తిరిగిస్తే మాత్రం పుచ్చుకోడు! మూడు వందల యాభై ఏళ్ల నాటి లండన్ కాఫీ హోటళ్లవాళ్లు అంతకంటే పెద్దమనుషులు సుమండీ. తామిచ్చిన బిళ్లను తామే తిరిగి తీసుకునేవారు.

లండన్‌లో మొదటి కాఫీ హోటల్‌ని 1652లో కార్న్‌హిల్ దగ్గర ఓ సందులో పాస్క్వా రోజే అనే ఆయన పెట్టాడు. కప్పు కాఫీ ఒక పెన్నీ. పెన్నీలో నాలుగో వంతు ఫార్దింగ్ - మన పాత కానీ, దమ్మిడీల బాపతు. 1649లో మొదటి చార్లెస్ రాజు తల తీయించి గద్దెనెక్కినవాళ్లు ఈ చిన్న నాణేల సంగతి పట్టించుకోలేదు. ఏలేవాళ్లకి వెండి బంగారాలతో పని. చిల్లర బాధంతా ఉప్పూ పాలూ కొనుక్కునే ఇల్లాలిది కదా! దాంతో వ్యాపారులే తమ పేర్లతో రాగి, ఇత్తడి బిళ్లలు వేయించుకున్నారు. కాఫీ హోటళ్ల బిళ్లల మీద కప్పులోకి కాఫీ పోస్తున్న చెయ్యో, తలపాగా చుట్టిన తురుష్కుడి తలో ఉండేది. ఇచ్చినవాడి మీద నమ్మకమే వాటి విలువ. ఆ చుట్టుపక్కల దాటితే చెల్లవు.

నాకు ముచ్చటేసిన సంగతి ఇంకొకటుంది. చాలా బిళ్లల మీద మూడు అక్షరాలుంటాయి. పైన ఇంటిపేరుది, కింద ఒక పక్క భర్తది, రెండో పక్క భార్యది. రామయ్య, సీతమ్మ అనుకోండి - 'రా', 'సీ' అన్నమాట. ఆనాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదాని సొమ్ము మొగుడి చేతికే పోయేది. అయినా బజార్లో చెల్లే బిళ్ల మీద ఆవిడ అక్షరం పడింది! ఆ హోటల్ నడవడంలో ఆవిడ చెయ్యెంత ఉందో చట్టానికి తెలియకపోయినా పేటలో అందరికీ తెలుసు కామోసు. భర్త పోయాక తన పేరుతోనే బిళ్లలు వేయించి వ్యాపారం నడిపిన స్త్రీలూ ఉన్నారు.

1672లో రెండో చార్లెస్ రాజు ప్రభుత్వం తరఫున రాగి నాణేలు వేయించి, ఈ బిళ్లలు చెల్లవన్నాడు. చిల్లర కరువు తీరింది, మంచిదే. కొత్త నాణెం మీద ఒక వైపు రాజుగారు, మరో వైపు బ్రిటానియా దేవి. ఆవిడా ఆడదే అనుకోండి, కానీ ఏనాడూ ఎవరికీ కప్పు కాఫీ కలిపిచ్చి ఎరగదు. కలిపిచ్చిన ఇల్లాలి అక్షరం మాత్రం చెరిగిపోయింది.

మీ గుమ్మం పక్కనున్న పేరు పలక ఓసారి చూడండి. ఆ రెండో అక్షరం ఉందా?