కాలువగట్టు ప్రసంగాలు

ఆదివారం ప్రసంగం అనగానే మనకు పుల్పిట్టే గుర్తొస్తుంది. మన తెలుగు సంఘాలకు పునాది వేసిన ప్రసంగాలు మాత్రం చాలావరకు చెట్ల కింద జరిగినవే.

నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికన్ బాప్టిస్టులు 1853లో ఆల్బనీ సభలో తర్జనభర్జన పడ్డారు. చివరికి మూయలేదు. 1866లో ఒంగోలులో స్థిరపడిన క్లౌ దొర అంతకుముందు మినెసోటాలో సర్వేయరు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం మూడున్నర మైళ్ళ మేర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. పని చేయించింది ఆయన బోధకులే, ఎక్కువమంది మాదిగలు. పని ఆగిన వేళ కూలీల మధ్య కూర్చుని, వాళ్ళ మాటల్లోనే బైబిలు చెప్పేవారు. చదువు రాని శ్రోతలు ఎదురు ప్రశ్నలు వేసేవారు. (మన చర్చిల్లో ఎవరైనా ప్రశ్న అడిగి చూడండి!)

గంజి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. దొర గట్టునే ఉన్నాడు.

మా పిల్లలకు క్లౌ పేరు తెలుసు. ఊరూరా తిరిగి మాదిగపల్లెల్లో మొదట బోధించిన యెర్రగుంట్ల పేరయ్య ఎవరని అడిగితే, వాళ్ళు నా మొహం చూశారు.