‘లెస్’, ‘రహిత’, ‘లేని’: అభావార్థక పదాల పుట్టుక, ప్రయోగం

ఆంగ్లంలోని ‘లెస్’ ప్రత్యయాన్ని, తక్కువ అనే అర్థంగల ‘లెస్’ శబ్దాన్ని ఒకటిగా భావించడం పరిపాటి. నిజానికి వాటి మూలాలు వేరు. ప్రత్యయం ప్రాచీనాంగ్ల విశేషణమైన ‘లేఆస్’ నుంచి వచ్చింది. దానికి విడివడిన, విముక్తమైన అని అర్థం. జర్మన్ ‘లోస్’, ఆంగ్ల ‘లూస్’ దాని జ్ఞాతిపదాలు. (మేలు అనే అర్థంగల మన ‘లెస్స’కు వీటితో ధ్వనిసామ్యమే తప్ప చుట్టరికం లేదు.)

సంస్కృత ‘రహిత’, ‘హీన’ శబ్దాల ధాతువులు కూడా త్యాగార్థకాలే. అంటే ఈ మూడింటి పుట్టుకలోనూ ఉన్నది వీడిపోవడమనే ఊహ ఉంది. తెలుగు ‘లేని’ దారి వేరు. అమలాపురంలో జన్మించిన కోరాడ రామకృష్ణయ్య (1891–1962) కృషిచేసిన ద్రావిడ తులనాత్మక దృష్టితో చూస్తే, ‘లే’ తమిళ ‘ఇల్’, కన్నడ ‘ఇల్ల’లకు సోదరం, వర్ణవ్యత్యయంతో ఏర్పడిన రూపం. అది త్యాగాన్ని కాదు, ఉనికికి నిషేధాన్ని చెబుతుంది. ‘కలిమి’కి ఎదురుగా ‘లేమి’ నిలిచి, పేదరికమనే అర్థాన్ని పొందడం ఇందుకు తగినట్లే ఉంది.

ఈ భేదాన్ని వ్యవహారం జాగ్రత్తగా పాటిస్తుంది. కోనసీమలో పీచు తీసిన కొబ్బరికాయ ‘ఒలిచిన కాయ’. దాన్ని ‘పీచులేని కాయ’ అనరు. లోపలి నీరింకి ఎండితే ‘కురిడీ’ అని వేరే పేరే ఉంది. తొలగించినదాన్ని క్రియ చెబుతుంది, మారినదాన్ని నామం చెబుతుంది. ‘లేని’ అభావానికే మిగులుతుంది.

2016లో పెద్దనోట్ల రద్దు తరువాత ‘క్యాష్‌లెస్’కు ‘నగదు రహితం’ స్థిరపడింది. అనువాదం సరైనదే, ఎందుకంటే అక్కడ నగదును పక్కన పెడుతున్నారు. ‘నగదు లేని’ అంటే మనిషి పేదవాడవుతాడు. ఇదే కొలతతో ‘ల్యాండ్‌లెస్’ను ‘భూరహిత’ అనడం నాకు సమ్మతం కాదు. ఎన్నడూ భూమి దక్కని కూలీకి, అది ఒకప్పుడు ఉండి చేజారిందన్న ధ్వనిని ఆ సమాసం అంటగడుతుంది. ‘భూమిలేని’ అన్నదే నిజం చెబుతుంది. రాజోలు ప్రాంతపు మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న తన నాటకానికి ‘పాలేరు’ అని పేరుపెట్టారు. అక్కడ మనిషికి గుర్తింపు అతని లేమివల్ల కాక, చేసే పనివల్ల వచ్చింది.