ఇంటికి వచ్చిన పాము పేరేమి?

దొనకొండ, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పాత ఇండ్లలో మనుష్యులు మాత్రమే కాపురముండరు. చూరులో పిచ్చుక, గోడమీద బల్లి, రాళ్ల సందున తేలు, గాదె క్రింద ఎలుక, ఇవియన్నియు అద్దె చెల్లింపని కాపురస్థులే. వీనితో మనకు పెద్ద పేచీ లేదు. ఎలుకను వెదకుకొనుచు వచ్చు అతిథి సంగతి వేఱు. పాము వచ్చినదన్న కేక వినబడినంతనే వీధి వీధియంతయు కఱ్ఱలతో కదలి వచ్చును. ఆ కలకలములో సాధారణముగా ఎవ్వరును వేయని ప్రశ్న యొకటి కలదు. వచ్చినది ఏ పాము? ఈ చిన్న ప్రశ్నకు మన తెలుగుదేశముననే పెద్ద చరిత్ర కలదు. దానిని పాఠకుల ముందుంచుటయే మా ఉద్దేశము.

ముందుగా ఆ సీమను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పడమట నల్లమల అడవులు. మార్కాపురము చుట్టును పలకల గనులు, వాని ప్రక్కన తవ్వి పోసిన రాతిముక్కల గుట్టలు. దొనకొండ రైలు వలన పేరు పొందిన ఊరు. మీటరుగేజి దినములలో అచట ఆవిరి యింజనుల షెడ్డు, ఉద్యోగుల నివాసములు ఉండెడివి. బ్రిటిషు పాలనలో విమానములు దిగుటకు మైదానమును అచట ఏర్పడినది. ఆవిరి యింజనుల కాలము గతించినది. 1990వ దశకమున మార్గము బ్రాడ్‌గేజి అయినది. పూర్వపు సందడి తగ్గినది. ఎచటనైనను మనుష్యుల అలికిడి తగ్గిన పెరటిలో ముందు గడ్డి మొలచును, గడ్డిలో ఎలుక చేరును, ఎలుక వెంట పాము వచ్చును. దీనికి అడవి దగ్గరగా ఉండవలెనన్న నియమము లేదు.

పెద్ద మృగము ఊరు చేరుట అరుదు. 2023 మార్చిలో నల్లమల అంచున, నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురమున నాలుగు పులికూనలు ఊరివారి కంటబడగా ఆ వార్త దూరదూరములకు ప్రాకినది. పాము ఇంటికి వచ్చిన సంగతి పత్రికల కెక్కదు. కాని పల్లెలలో ఎక్కువ ప్రాణములు తీయునది పులి కాదు, పామే.

ఇక రెండు వందల యేండ్లు వెనుకకు పోయి, ఈ నేలనుండి ఈశాన్యముగా సముద్రతీరమున నున్న విశాఖపట్టణమునకు చేరుదము. 1780వ దశకమున పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు తన తమ్మునితో కలసి అచటికి వచ్చెను. అంతకు పూర్వము ఆయన సిరియాలోని అలెప్పో నగరమున వైద్యము చేసి, ప్లేగు వ్యాధిని పరిశీలించిన అనుభవశాలి. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను మద్రాసు ప్రాంతమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించినది. మొక్కలను పరిశీలింపవలసిన ఆ వైద్యుని దృష్టి పాముకాటు మృత్యువులపై నిలిచినది. ఏది విషసర్పము, ఏది కాదు అన్నది సామాన్యుడు సులభముగా గుర్తింపగల మార్గ మేదైన కలదా యని ఆయన వెదకెను. పాములను తెప్పించి, పొలుసులు లెక్కించి, కోరలు పరీక్షించి, కోళ్లమీదను కుక్కలమీదను విషప్రభావమును గమనించెను. ఆనాడు పాముకాటుకు దివ్యౌషధమని ప్రసిద్ధి పొందిన తంజావూరు మాత్రను గూడ పరీక్షకు పెట్టెను. స్వదేశమునకు మరలిన పిమ్మట, 1796లో, కోరమండల తీరపు సర్పములను గూర్చి చిత్రములతో కూడిన ఉద్గ్రంథమును వెలువరించెను.

ఆ గ్రంథమున మన మనసును ఆకర్షించు విశేష మొకటి కలదు. రస్సెల్ పాములకు తన దేశపు పేర్లు పెట్టలేదు. ఇచటివారు పిలుచు పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. కాటుకరేకుల పొడ, జెర్రిపోతు, బంగారు పాము వంటి తెలుగు మాటలు ఆ విధముగా లండనులో అచ్చుపడినవి. కాటుక రేకులవంటి మచ్చలుగల ఆ పొడపామే మనము రక్తపింజరి యనునది. 1797లో జార్జి షా అను శాస్త్రజ్ఞుడు దానికి రస్సెల్ పేరే పెట్టెను. 1801లో ష్నైడర్ అను జర్మను పండితుడు కట్లపామునకు శాస్త్రనామ మిచ్చినది రస్సెల్ వర్ణనను, చిత్రమును ఆధారము చేసికొనియే. అందుచేత ఆ జాతికి మూలస్థానముగా విశాఖపట్టణము శాస్త్రగ్రంథముల కెక్కినది. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల కుటుంబమున కంతకును ‘బంగారస్’ అని పేరు పెట్టెను. రస్సెల్ వ్రాసికొన్న బంగారు పాములోని బంగారమే అది. నేడు ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను కట్లపామును పేర్కొనునపుడు మన పల్లెమాట నొకదానిని ఉచ్చరించుచున్నాడు.

పేరు తెలిసినను ప్రాణము దక్కించు మందు దొరకుటకు మరి నూరేండ్లు పట్టినది. 1872లో జోసెఫ్ ఫెయిరర్ భారతదేశపు విషసర్పములను గూర్చి మరియొక గొప్ప గ్రంథము ప్రకటించెను. పాములను చంపి తెచ్చినవారికి ప్రభుత్వము బహుమానము లిచ్చెడిది. కాటు మరణములు మాత్రము ఆగలేదు. 1890వ దశకమున ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ నాగుపాము విషమునకు విరుగుడు సీరమును తయారు చేసెను. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగింటి విషమునకును కలిపి చేయబడినది. గుఱ్ఱములకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాని రక్తమునుండి ఈ విరుగుడును తీయుదురు.

ఇంతటి మందు ఉండియు జరుగుచున్న నష్టము చూడుడు. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము, 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన మరణించినవారు దాదాపు 12 లక్షలు. అనగా ఏటా సుమారు 58 వేలు. వారిలో అధికులు పల్లెవారు. అధిక మరణములు వానకాలమున సంభవించినవి. ఆంధ్రప్రదేశమును ఎక్కువ నష్టపోయిన రాష్ట్రములలో నొకటి. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పాముకాటును నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది.

ఇచటనే రస్సెల్ ప్రశ్న మరల మన ఇంటి గడపకు వచ్చును. కట్లపాము రాత్రించరము. ఎలుకలకై, ఇతర పాములకై ఇల్లు చొచ్చి, నేలమీద పండుకొన్నవారి ప్రక్కకు చేరును. దాని కాటు నొప్పి లేనిది. చీమ కుట్టిన పాటి గుర్తైన నుండకపోవచ్చును. తెల్లవారునప్పటికి కడుపునొప్పి, ఱెప్పలు వాలుట, మాట తడబడుట కనబడును. పాము సంగతి ఎవరికిని తోచదు. దానిని పోలిన చారలే యుండి, విషములేని చిన్నపాము మరియొకటి ఇండ్ల గోడలెక్కుచు తిరుగును. దానిని చూచి కట్లపామని కొట్టుదురు. జెర్రిపోతును నాగుపామని చంపుదురు. ఎలుకలను తిని ధాన్యము కాపాడు జెర్రిపోతు చచ్చిన ఇంటికి ఎలుకలు హెచ్చును. ఎలుకలు హెచ్చిన ఇంటికి మరియొక పాము వచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పాములకును వర్తించుననుట గమనింపదగినది.

కనుక పేరు తెలియుట వలని ప్రయోజనము కాటునకు ముందే. వానకాలమున నేలను విడిచి మంచముపై, దోమతెర అంచులు పరుపు క్రిందకు దోపి పండుకొనుట, పిడకలు, రాళ్లు గోడ కానించి పేర్పకుండుట, రాత్రి దీపము లేక అడుగు వేయకుండుట, వచ్చిన పామును కొట్టక పట్టుట తెలిసినవారికి కబురంపుట, ఇవి ఆ తెలివివలన కలుగు మేళ్లు. కాటు పడిన తరువాత పేరు కొఱకు పామును తరుముట ప్రమాదము. వైద్యునికి పాము శవముతో పనిలేదు. రోగి లక్షణములు, రక్తము గడ్డకట్టు తీరు ఆయనకు చాలును. అప్పుడు విలువైనది కాలము. కాటును కోయుట, గట్టిగా కట్టుట, పసరు పోయుట, మంత్రము కొఱకు ఊరూర తిరుగుట ఆ కాలమును దొంగిలించును. కాటుపడిన అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్చుటయే కర్తవ్యము.

నాగులచవితినాడు పుట్టలో పాలు పోయు చేతులే మరునాడు జెర్రిపోతుపై కఱ్ఱ ఎత్తుచున్నవి. ఆ పాములకు పేర్లు పెట్టినవారు మన పూర్వులే. ఆ పేర్లను శ్రద్ధతో వ్రాసికొని లోకమునకు చూపినవాడు పరదేశి. ఇంటిలోని పెద్దలకు తెలిసిన ఆ నాలుగు పేర్లు పిల్లలకు గూడ నేర్పుడని ఈ వానకాలమునకు ముందు మేము పాఠకులను కోరుచున్నాము.