నూరు కావాలా, ఎనభై చాలా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని మాత్రం అనలేదు. అందులోనూ రెండు మూడు వందల కుటుంబాలు కలిసి, తామున్న మేడనంతా ఒక్క బిల్డరుకే అమ్మడమంటే మాటలా? సింగపూరులో ఇది మామూలే సుమండీ! దీన్ని ‘ఎన్ బ్లాక్’ అమ్మకం అంటారక్కడ.

ఆ దేశంలో నేల తక్కువ. చాలా మేడల కింది నేల 99 ఏళ్ళ కౌలుది. గడువు తరిగేకొద్దీ ఫ్లాటు ధరా తరుగుతుంది. అదే నేలమీద ఇంకా ఎత్తుగా కట్టుకోవడానికి అనుమతి ఉంటే, బిల్డరు విడి ఫ్లాటుకు పలికే ధరకంటే బాగా ఎక్కువే ఇస్తాడు. ఆశ పుట్టదూ మరి!

1999కి ముందు ఒక్కరు కాదన్నా బేరం చెడేది. ఆ ఏడు చట్టం మార్చారు. మేడకు పదేళ్ళు దాటితే 80 శాతం వాటాలవాళ్ళు, దాటకపోతే 90 శాతం ఒప్పుకుంటే చాలన్నారు. మిగిలినవాళ్ళు అభ్యంతరం చెప్పుకోవచ్చు. అది నెగ్గకపోతే డబ్బు పుచ్చుకుని సామాను సర్దుకోవలసిందే.

ఒకరి పట్టుదలకు వందమంది ఎందుకు నష్టపోవాలి అంటారా? నిజమే. కానీ పెద్దవయసులో అలవాటైన వంటిల్లు, కష్టసుఖాలు చెప్పుకునే పక్కింటావిడ ఏ చెక్కుతో వస్తారు చెప్పండి?

ఆ కొద్దిమంది మాటకూ విలువుందని హొరైజన్ టవర్స్ కేసు చెప్పింది. 2007లో దాన్ని 50 కోట్ల సింగపూరు డాలర్లకు బేరం పెట్టారు. ఇష్టంలేని కొందరు కోర్టు మెట్లెక్కారు. అమ్మకం కమిటీ అందరి మేలూ చూడవలసింది, చూడలేదంటూ 2009లో అప్పీలు కోర్టు ఆ అమ్మకాన్నే కొట్టేసింది.

పెర్ల్ బ్యాంక్ అంత అదృష్టానికి నోచుకోలేదు. 1976లో కట్టిన 38 అంతస్తుల మేడ అది. గుర్రపు నాడాలా వంపు తిరిగి, ఊరికే ఒక గుర్తుగా ఉండేది. దాన్ని కూల్చకుండా కాపాడే భవనాల జాబితాలో చేర్పించాలని యజమానుల్లో చాలామంది ప్రయత్నించారు. ఇక్కడే వచ్చింది తిరకాసు. అందుకు అందరి అంగీకారమూ కావాలి. అది కుదరలేదు. అమ్మడానికేమో 80 శాతం చాలాయె! 2018లో 72 కోట్ల 80 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2020 నాటికి నేలమట్టమైంది.

నిలుపుకోవడానికి నూరు, పడగొట్టడానికి ఎనభై!

మన ఊళ్ళలోనూ అపార్టుమెంట్లు పాతబడుతున్నాయి. కూల్చి కొత్తది కడదామనే మాట రేపు మన మెట్లమీదా వినిపించవచ్చు. ఆనాడు ధర ఎంతని అడగడంతోపాటు, వద్దంటున్నది ఎవరో, ఎందుకంటున్నారో కూడా ఒకసారి వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి అడగాలి.